పజిల్ అచ్చు వేసేముందు ఒకసారి లెక్కపెట్టండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్ ఆదివారం పిల్లల పేజీలో ఈమధ్య 15 అంకెల పజిల్ వేశారు కదా, నాలుగు వరసలు, వరసకి నాలుగు గళ్ళు, 1 నుంచి 15 దాకా ముక్కలు, కుడివైపు కింద మూల గడి ఖాళీ. అట్ట మీద అంటించి ముక్కలు కత్తిరించుకోండి, పైకి ఎత్తకుండా జరుపుతూ అంకెలన్నీ వరసలో పెట్టండి, అయిదు నిమిషాల్లో పెడితే మీరు జీనియస్ అని పక్కనే రాశారు. ఐడియా బాగుంది, పిల్లలు కాసేపు ఫోన్ పక్కనపెట్టి కత్తెర పట్టుకుంటారు. కానీ మీరు వేసిన ఆ అమరిక తల కిందులుగా తపస్సు చేసినా సర్దుకోదండి. అయిదు నిమిషాలు కాదు అయిదేళ్ళిచ్చినా అంతే. జవాబు వచ్చే వారం అన్నారు, ఆ వచ్చే వారం కూడా వచ్చి వెళ్ళిపోయింది, జవాబు మాత్రం పడలేదు, లేని జవాబు మీరు మాత్రం ఎక్కణ్ణించి తెస్తారు.

ఊరికే అంటున్నానని అనుకోకండి, మీ బొమ్మే ముందు పెట్టుకుని చూద్దాం. మొదటి వరసలో 5, 1, 3, 4 వేశారు. రెండో వరసలో 2, 6, 8, 7. కింద రెండు వరసలూ ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి, 9 నుంచి 15 దాకా సక్రమంగా, చివర ఖాళీ. ఇప్పుడు ఆ అంకెల్ని పుస్తకం చదివినట్టు ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి చదువుకుంటూ పోండి, ఒక్కో అంకె దగ్గర ఆగి దీని తర్వాత దీనికన్నా చిన్నవి ఎన్ని వస్తున్నాయి అని చూడండి. 5 తర్వాత చిన్నవి 1, 3, 4, 2 అంటే నాలుగు. 1 తర్వాత ఏమీ లేవు. 3 తర్వాత 2 ఒకటి, 4 తర్వాత కూడా ఆ 2 ఒక్కటే. 8 తర్వాత 7 ఒకటి. మిగతా వాటి దగ్గర సున్నా. మొత్తం కలిపితే 7. ఖాళీ గడి కుడి కింద మూలలో ఉన్నప్పుడు ఈ లెక్క సరిసంఖ్య వస్తేనే పజిల్ సర్దుకుంటుంది, బేసి వస్తే సర్దుకోదు. 7 బేసి. అయిపోయింది. ఈ లెక్కకి నిమిషం కూడా పట్టదు, పేజీ ప్రెస్సుకి వెళ్ళేలోపు డెస్కులో ఎవరో ఒకరు కూర్చుని చేసేసేదే.

ఎందుకలా అంటే చాలామంది అదేదో పెద్ద లెక్కల విషయం అనుకుని వదిలేస్తారు గానీ స్కూలు పిల్లలకి చెప్పినా అర్థమయ్యేదే. ఆ పదహారు గళ్ళకీ చదరంగం బల్లలాగా ఒకటి విడిచి ఒకటి నలుపు తెలుపు రంగులు వేసుకోండి. మనం ఒక ముక్కని జరిపిన ప్రతిసారీ నిజానికి జరిగేది ఏంటి, ఆ ముక్కా ఖాళీ గడీ చోట్లు మార్చుకుంటాయి, అంతే. అంటే ఖాళీ ఒక్కో ఎత్తుకీ నలుపు మీంచి తెలుపుకి, తెలుపు మీంచి నలుపుకి దూకుతుంది. అది బయల్దేరిన మూలకే తిరిగి రావాలంటే రంగు మళ్ళీ అదే కావాలి కాబట్టి ఎత్తులు కచ్చితంగా సరిసంఖ్యలోనే ఉంటాయి, ఎన్ని తిప్పినా ఎటు తిప్పినా. ప్రతి ఎత్తూ ఒక మార్పిడే కదా, అంటే సరిసంఖ్య మార్పిళ్ళతో అయ్యే అమరికలే దీంట్లో కుదురుతాయి. మీ బొమ్మలో 7, 8 తారుమారు కావడం ఒక మార్పిడి, 5, 1, 2 చక్రంలా తిరిగి ఒకదాని చోట్లోకి ఒకటి రావడం రెండు మార్పిళ్ళు, మొత్తం మూడు. బేసి. ఆ 7, 8 ఒక్కటి సరిగ్గా వేసి ఉంటే చక్కగా కుదిరేది, బహుశా కష్టం కాస్త పెంచుదామని ఎవరో చివర్లో ఆ రెండూ మార్చినట్టున్నారు.

పైగా కాగితం ముక్కలాయె. ప్లాస్టిక్ ఫ్రేములో గాడిలో బిగించిన ముక్కలైతే లాగినా రావు, ఇవి ఊరికే చేతికొస్తాయి. కాబట్టి జరిగేదేంటంటే ఒక పిల్లాడు విసిగిపోయి ఎవరూ చూడకుండా 7ని, 8ని ఎత్తి మార్చేసి నాకొచ్చేసింది అంటాడు, పక్కన నిజాయితీగా జరుపుతున్న పాప నాకు రావట్లేదని ఏడుపు మొహం పెడుతుంది. జీనియస్ బిరుదు ఎవరికిచ్చినట్టు మరి?

ఇది కొత్తగా జరిగిందేం కాదండి. ఈ పజిల్‌ని తయారుచేసింది అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం కనస్టోటా అనే ఊళ్ళో పోస్టుమాస్టరుగా ఉన్న నోయెస్ చాప్‌మన్, 1870ల్లో. అది చేతులు మారి మారి బోస్టన్ చేరితే అక్కడ మథయాస్ రైస్ అనే చెక్కపని ఆయన 1879 చివర్లో అమ్మకానికి పెట్టాడు, 1880 మొదట్లో అమెరికా అంతా, ఆ వెంటనే యూరప్ అంతా దీని పిచ్చిలో పడిపోయింది. చాప్‌మన్ 1880లో పేటెంట్‌కి పెట్టుకుంటే రాలేదు, 1878లోనే ఎర్నెస్ట్ కిన్సీ అనే ఆయనకి దీనికి బాగా దగ్గరగా ఉన్న పజిల్ మీద పేటెంట్ ఇచ్చేసి ఉన్నారు. పాపం పోస్టుమాస్టరు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ తెలిసిన పేరు అమెరికాలో పజిళ్ళు తయారుచేసే సామ్ లాయిడ్, ఆయనకి ఈ పజిల్ పుట్టుకతో ఏ సంబంధమూ లేదు. 1891 నుంచి ఇది నేనే కనిపెట్టానని చెప్పుకోవడం మొదలుపెట్టి 1911లో పోయేదాకా అదే మాట మీద ఉన్నాడు. అన్నీ సరిగ్గా ఉండి 14, 15 మాత్రం తారుమారైన బొమ్మ ఇచ్చి దీన్ని సరిచేసిన వాళ్ళకి 1000 డాలర్లు అని ప్రకటించాడు. డబ్బు ఎలాగూ పోదని ఆయనకి తెలుసు, ఎందుకంటే అది కుదరదని 1879లోనే జాన్సన్, స్టోరీ అనే ఇద్దరు అమెరికన్ జర్నల్ ఆఫ్ మ్యాథమాటిక్స్‌లో రుజువు చేసేశారు, బేసి అమరికలు కుదరవని జాన్సన్, సరి అమరికలన్నీ కుదురుతాయని స్టోరీ. లాయిడ్ కావాలని చేశాడు, మీరు తెలియక చేశారు, తేడా అదే, ఆడేవాళ్ళకి మాత్రం రెండూ ఒకటే.

సరే అచ్చయిపోయింది, ముక్కలు కత్తిరించేసుకున్నారు, ఇప్పుడేం చెయ్యాలి అంటారా. దానికి ఓ చక్కని దారి ఉంది. బొమ్మ మార్చక్కర్లేదు, చేరాల్సిన గమ్యం మార్చండి. ఖాళీ గడి కుడి కింద కాకుండా ఎడమ పై మూలలోకి రావాలి, దాని పక్కన 1, 2, 3, రెండో వరసలో 4, 5, 6, 7, అలా చివరికి 15 కుడి కింద మూలలో కూర్చోవాలి అని చెప్పండి. మీ బొమ్మ నుంచి ఈ అమరికకి కచ్చితంగా వెళ్ళొచ్చు, లాయిడ్ వేసిన 14, 15 బొమ్మ నుంచి కూడా వెళ్ళొచ్చు. మామూలు అమరికకి చేరలేనివన్నీ దీనికి చేరతాయి, ఎందుకంటే మొత్తం అమరికలు సరిగ్గా రెండు సగాలుగా విడిపోయి ఉన్నాయి, మామూలు వరస ఒక సగంలో, ఖాళీ ముందున్న ఈ వరస రెండో సగంలో. ఇంకో చిట్కా ఏంటంటే అంకెల బదులు అక్షరాలు వేసి ఒక అక్షరం రెండుసార్లు వచ్చేట్టు చూసుకుంటే ఈ బాధే ఉండదు, ఆ రెండు ఒకేలాంటి ముక్కలు చోట్లు మార్చుకున్నా ఎవరికీ తెలియదు కాబట్టి బేసి కూడా సరి అయిపోతుంది. అయితే ఆడేవాడికి ఆ సంగతి తోచక ఆ రెంటిలో ముందు చేతికొచ్చిన ముక్కనే పట్టుకుని వేలాడితే చివర్లో రెండు ముక్కలు తారుమారుగా మిగిలి జుట్టు పీక్కుంటాడు, అది కూడా మంచి పజిలే నన్నడిగితే.

ఇంక ఆ జీనియస్ మాట. దయచేసి తీసెయ్యండి. దీనికి పద్ధతి ఉంది, పద్ధతి తెలిస్తే ఎవరికైనా వస్తుంది, తెలియకపోతే లెక్కల మాస్టారికి కూడా మొదటి వరస చివర్లో చెయ్యి ఆగిపోతుంది. 1, 2 పెట్టడం అందరికీ వస్తుంది. తర్వాత 3 దాని చోట్లో పెట్టేస్తారు, 4 పెట్టబోతే 3 అడ్డం, 3 తీస్తే 2 కదులుతుంది, ఇక్కడే సగంమంది పక్కన పడేస్తారు. చెయ్యాల్సింది ఏంటంటే 3ని దాని చోట్లో పెట్టకూడదు, కుడి పై మూలలో, అంటే 4 ఉండాల్సిన చోట్లో పెట్టాలి, 4ని సరిగ్గా దాని కింద గడిలోకి తేవాలి, ఖాళీని 2 పక్కకి తెచ్చుకోవాలి. అప్పుడు 3 ఎడమకి జరుగుతుంది, దాని వెనకే 4 పైకి ఎక్కుతుంది, రెండే ఎత్తులు. 3ని మూలలో పెట్టేముందు 4 ఎక్కడుందో చూసుకోండి, అది అక్కడక్కడే తచ్చాడుతుంటే ముందు దాన్ని రెండు వరసలు కిందికి పంపేసి అప్పుడు 3 పని చూడండి, లేకపోతే 4 వచ్చి 2 పక్కన ఇరుక్కుంటుంది. రెండో వరసలో 7, 8కి కూడా ఇదే పని.

కింద మిగిలిన రెండు వరసలకి మాత్రం అడ్డంగా పోకూడదు, నిలువుగా పోవాలి. 9, 13 జత ముందు. 13ని 9 ఉండాల్సిన గడిలో పెట్టి, 9ని దాని కుడి పక్కన పెట్టి, ఖాళీని 13 కిందికి తెస్తే 13 దిగుతుంది, 9 ఎడమకి వస్తుంది. 10, 14 కూడా అంతే. చివరికి నాలుగు గళ్ళు, మూడు ముక్కలు మిగులుతాయి, 11, 12, 15, వాటిని గుండ్రంగా తిప్పుతూ పోతే ఏదో ఒక చోట మూడూ కుదురుకుంటాయి. కుదరలేదంటే అమరికే బేసిది, లేదా ఎవరో ముక్క ఎత్తి పెట్టారు, ఇంక తిప్పడం ఆపెయ్యొచ్చు. ఈ నాలుగు మాటలు ఆ పేజీలోనే చిన్న బాక్సులో వేస్తే ఎంత బాగుండేది, ఆ చోట్లో జీనియస్ బొమ్మ, కళ్ళజోడు పెట్టుకున్న గుడ్లగూబ వేశారు.

పద్ధతి చెప్పేస్తే మజా పోతుందని మీ డెస్కువాళ్ళు అంటారేమో. పోదండి, అసలు మజా అక్కణ్ణించే మొదలు. ఎలాగోలా సర్దడం వేరు, తక్కువ ఎత్తుల్లో సర్దడం వేరు. 15 అంకెలతో కుదిరే అమరికలు 10 లక్షల కోట్ల పైచిలుకు, కచ్చితంగా కావాలంటే 10,461,394,944,000, వీటిల్లో దేన్నైనా 80 ఎత్తులు దాటకుండా సర్దొచ్చని కంప్యూటర్లతో తేల్చారు, మొత్తం 80 కావాల్సినవి అంత గుంపులోనూ 17 మాత్రమే. పైన చెప్పిన పద్ధతితో పోతే అంతకన్నా చాలా ఎక్కువే అవుతాయి, సర్దుకోవడం గ్యారంటీ గానీ దగ్గరి దారి అని గ్యారంటీ లేదు. అన్నిటికన్నా దగ్గరి దారి వెతకడం చదరం పెరిగేకొద్దీ చేతికందని లెక్క అయిపోతుందని రాట్నర్, వార్ముత్ అనే ఇద్దరు 1980ల్లో చూపించారు కూడా, కాబట్టి పద్ధతి తెలిసినవాళ్ళకి కూడా బుర్రకి పని మిగిలే ఉంటుంది. అయిదు నిమిషాలు అని టైమ్ పెట్టే బదులు ఇన్ని ఎత్తుల్లోపు చెయ్యండి అని పెట్టండి, చేతివేగం బదులు ఆలోచన బయటికొస్తుంది. చిన్నపిల్లలకైతే ముందు వరసకి మూడేసి గళ్ళది, 8 అంకెలది వెయ్యండి. దాంట్లో కుదిరేవి 1,81,440 అమరికలు, ఎంత కష్టమైనదైనా 31 ఎత్తుల్లో అయిపోతుంది. లెక్క కూడా దానికి ఇంకా సులువు, ఖాళీ ఎక్కడున్నా ఫర్వాలేదు, చివర్లో దాన్ని ఏ మూలకి రమ్మన్నా ఫర్వాలేదు, నేను పైన చెప్పినట్టు లెక్కపెడితే సరి వస్తే చాలు.

నిజానికి నాకు అంకెల పజిల్ కన్నా ముక్కలు రకరకాల సైజుల్లో ఉండే రకం అంటే ఇష్టం, మీరు ఇప్పటిదాకా అది ఒక్కసారి కూడా వెయ్యలేదు. దాన్ని క్లాట్‌స్కీ అంటారు, చైనాలో హువారోంగ్ దావో. వెడల్పు నాలుగు గళ్ళు, పొడుగు అయిదు. పైన మధ్యలో నాలుగు గళ్ళంత పెద్ద చదరపు ముక్క, అది త్సావ్ త్సావ్ అనే సేనాధిపతి, యుద్ధంలో ఓడి పారిపోతుంటాడు. ఆయన కింద రెండు గళ్ళ అడ్డంముక్క, అది ఆయన దారికి అడ్డంగా నిలబడ్డ గ్వాన్ యూ అనే సేనాని. రెండు పక్కలా పైన ఒకటి కింద ఒకటి చొప్పున నాలుగు నిలువుముక్కలు. అడ్డంముక్క కింద ఇద్దరు సిపాయిలు, అట్టడుగున రెండు మూలల్లో ఇంకో ఇద్దరు, వాళ్ళ మధ్య రెండు గళ్ళు ఖాళీ. పెద్దముక్కని కింద మధ్యలో ఉన్న ద్వారం దగ్గరికి తేవాలి. చూస్తే పది ముక్కలు, ఏముంది ఇందులో అనిపిస్తుంది.

అందరూ మొదట చేసే పని ఒకటే, మధ్యలో ఇద్దరు సిపాయిల్నీ కిందికి దింపుతారు, అడ్డంముక్క దిగుతుంది, వెంటనే పెద్దముక్క కూడా ఒక గడి దిగుతుంది, నాలుగే ఎత్తులు, అబ్బ ఎంత సులువు అనుకుంటారు. అక్కడితో సరి. రెండు ఖాళీలూ పెద్దముక్క నెత్తి మీదికి పోయి కూర్చున్నాయి, పక్కనున్న నిలువుముక్కలు జరగాలంటే ఖాళీలు ఒకదాని కింద ఒకటి ఉండాలి, ఇవేమో పక్కపక్కన ఉన్నాయి, వచ్చిన దారినే వెనక్కి పోవడం తప్ప ఇంకో ఎత్తు లేదు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

దాని బదులు ఎడమ మూల సిపాయిని ఒక గడి లోపలికి జరపండి, వాడి నెత్తి మీదున్న నిలువుముక్క దిగుతుంది, అడ్డంముక్క ఎడమకి జరుగుతుంది, మధ్యలో కుడివైపు సిపాయిని దింపండి, ఇప్పుడు ఖాళీలు రెండూ ఒకదాని కింద ఒకటి వచ్చాయి చూడండి, కుడివైపు కింది నిలువుముక్క లోపలికి వస్తుంది, పైది రెండు గళ్ళు కిందికి దిగుతుంది, పెద్దముక్క కుడికి కదులుతుంది. ఏడు ఎత్తులు, గమ్యానికి ఒక్క అంగుళం కూడా దగ్గర కాలేదు, కానీ ఆట తెరుచుకుంది. దీంట్లో మనం జరిపేది ముక్కల్ని కాదు, ఆ రెండు ఖాళీల్ని. అవి విడిపోయి చెరో మూలా పడ్డాయంటే సిపాయిలు, అడ్డంముక్క తప్ప ఏదీ పక్కకి జరగదు, అందుకే ఇద్దరేసి సిపాయిల్ని జంటగా ఉంచుకుంటూ తిప్పితే ఖాళీలు కూడా జంటగానే ఉంటాయి.

పూర్తిగా చెయ్యడానికి తక్కువలో తక్కువ 81 ఎత్తులు, ఒక ముక్కని ఆపకుండా రెండు గళ్ళు జరిపినా, మలుపు తిప్పినా ఒక ఎత్తే అనే లెక్కలో. ఆ 81 ఎత్తుల జవాబుని లెక్కల పజిళ్ళ మీద శీర్షిక రాసే మార్టిన్ గార్డ్‌నర్ 1964లో సైంటిఫిక్ అమెరికన్‌లో అచ్చేశాడు. ఒక్కో గడి జరగడాన్ని ఒక్కో ఎత్తుగా లెక్కేస్తే 116 అవుతుంది, అందుకని ఎత్తు అంటే ఏంటో ముందే రాయకపోతే పాఠకులు మీతో పోట్లాటకొస్తారు. ఇదే కొలతల బల్ల మీద జాన్ కాన్వే అనే గణితవేత్త సరిగ్గా 100 ఎత్తులు పట్టే పజిల్ ఒకటి చేశాడు, అది కూడా వేసుకోవచ్చు తర్వాతెప్పుడైనా. ఆరు గళ్ళ చదరంలో కార్లు, లారీలు ముందుకీ వెనక్కీ మాత్రమే జరిగే రష్ అవర్ అయితే పిల్లలకి చూడగానే అర్థమైపోతుంది, జపాన్‌కి చెందిన నోబ్ యోషిగహారా తయారుచేసింది.

ఈ రకం పజిళ్ళకి సరి బేసి లెక్క పనికిరాదు, సొంతంగా బొమ్మ గీసి ఇది కుదురుతుందో లేదో తెలుసుకోవాలంటే చేసి చూడాల్సిందే. భయపడక్కర్లేదు, మామూలు క్లాట్‌స్కీలో ఆ మొదటి అమరిక నుంచి చేరగలిగిన అమరికలన్నీ కలిపి 25,955 మాత్రమే, మీ ఆఫీసులో ప్రోగ్రామింగ్ తెలిసిన కుర్రాడెవరైనా ఒక్క ఎత్తులో వచ్చేవన్నీ, వాటి నుంచి రెండో ఎత్తులో వచ్చేవన్నీ, అలా పొరలు పొరలుగా రాసుకుంటూ పోయే చిన్న ప్రోగ్రామ్ రాస్తే మామూలు ల్యాప్‌టాప్ మీదే క్షణాల్లో తేలిపోతుంది, తక్కువలో తక్కువ ఎన్ని ఎత్తులో కూడా దాంట్లోనే వచ్చేస్తుంది. ఆ సంఖ్య బొమ్మ కింద వెయ్యండి.

జవాబు వేసేటప్పుడు 81 ఎత్తులూ వెయ్యక్కర్లేదు, అంత చోటు మీకూ ఉండదు, చదివేవాళ్ళకి ఓపికా ఉండదు. మొదటి ఏడెనిమిది ఎత్తులు మాటల్లో, పెద్దముక్క అడ్డంముక్కని దాటి కిందికొచ్చే చోట ఒక బొమ్మ, చివర్లో ద్వారం ముందు ఒక బొమ్మ, ఈ మూడూ ఉంటే మిగతాది వాళ్ళే చూసుకుంటారు. ముక్కలకి అంకెలు వేసి, అట్టమీద అంటించమన్నప్పుడు చుట్టూ అంచుకి కూడా ఒక అట్టచట్రం కొలతలిచ్చి వెయ్యండి, అంచు లేకపోతే ముక్కలు బయటికి జారిపోయి ఆట ఆటలా ఉండదు.

ఇట్లు,
మీ పేపర్ పజిల్ పేజీ ముందు తిప్పే ఒక పాఠకుడు